ప్లాస్మా ఎక్కించినా సరికాని పీటీ, ఏపీటీటీ: 16 అమైనో ఆమ్లాల ముక్క దగ్గర తేలిన కేసు

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి ముందు చేసే మామూలు రక్త పరీక్షల్లో పీటీ, ఏపీటీటీ (ట్యూబ్‌లో ప్లాస్మా గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్షలు) రెండూ ఎక్కువగా వచ్చాయని మా కోయాగ్యులేషన్ ల్యాబ్‌కి, అంటే రక్తం గడ్డకట్టే తీరు చూసే ల్యాబ్‌కి రిఫర్ చేసిన కేసు ఇది. పేషెంట్‌ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. ఈ కేసు రాయడానికి కారణం జబ్బు అరుదుగా వస్తుందని కాదు. "పీటీ పెరిగింది, ప్లాస్మా ఎక్కించండి" అనే అలవాటు మనలో ఎంత బలంగా పాతుకుపోయిందో, రక్తం గడ్డకట్టడంలో అసలు ఏ మెట్టు దగ్గర పని ఆగిందో అడగడం ఎంత తక్కువో ఇందులో బాగా కనిపిస్తుంది. ఆ మెట్టు ఇక్కడ చాలా చిన్నది, గడ్డలో పోగులుగా మారే ఫైబ్రినోజెన్ అనే పెద్ద ప్రొటీన్ చివర వేలాడే ఒక చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల ముక్క), అది తెగాల్సినంత త్వరగా తెగట్లేదు, అంతే.

కేసు నేపథ్యం

పేషెంట్ ముప్పైల్లో ఉన్న మహిళ. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, అప్పుడప్పుడూ నొప్పి, ల్యాప్రోస్కోపిక్ సర్జరీకి డేట్ ఇచ్చేశారు. రోజూ వేసుకునే మందులేవీ లేవు. పీటీ 17 సెకన్లు, కంట్రోల్ 13. ఏపీటీటీ 42, కంట్రోల్ 30. ప్లేట్‌లెట్లు, హీమోగ్లోబిన్, క్రియాటినిన్ అన్నీ నార్మల్. బిలిరుబిన్, అల్బుమిన్ కూడా నార్మలే.

మొదట చూసిన టీమ్ ఆలోచన తప్పుపట్టేది కాదు. గాల్‌బ్లాడర్ రాయి ఉంది, పిత్తం దారికి ఎక్కడైనా అడ్డుపడితే విటమిన్ కె సరిగ్గా ఒంటికి పట్టదు, పీటీ పెరుగుతుంది, కాబట్టి విటమిన్ కె ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడు రోజుల తర్వాత చూస్తే పీటీ అలాగే ఉంది. సర్జరీ డేట్ దగ్గరపడుతోందని నాలుగు బ్యాగులు ఎఫ్ఎఫ్‌పీ (దాతల రక్తం నుంచి తీసి ఫ్రీజ్ చేసిన ప్లాస్మా) ఎక్కించారు. పీటీ 16కి వచ్చింది, ఏపీటీటీ దాదాపు కదల్లేదు. అప్పుడు మిక్సింగ్ స్టడీ చేశారు, అంటే పేషెంట్ ప్లాస్మా, నార్మల్ ప్లాస్మా సగం సగం కలిపి మళ్లీ చూడటం. పూర్తిగా కరెక్ట్ అవ్వలేదు. రిపోర్ట్‌లో "ఇన్‌హిబిటర్ ఉండొచ్చు, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ చూడండి" అని రాశారు, అంటే గడ్డకట్టడాన్ని అడ్డుకునేది, బహుశా ఒక యాంటీబాడీ, ఉందేమో అని, సర్జరీ వాయిదా పడింది.

మా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బాగా భయపడిపోయి ఉన్నారు. "డాక్టర్ గారూ, నాకు రక్తం గడ్డకట్టదంట కదా, ఆపరేషన్ చేస్తే ఆగదంటగా" అని అడిగారు. అందుకే ల్యాబ్ షీట్ పక్కన పెట్టి ముందు హిస్టరీ తీసుకున్నాం.

హిస్టరీలో దొరికింది

బ్లీడింగ్ హిస్టరీని "ఎప్పుడైనా ఎక్కువ రక్తం పోయిందా" అని ఒక్క ముక్కలో అడిగితే ఏమీ రాదు. ఒక్కో సంఘటన పట్టుకుని అడగాలి. జ్ఞానదంతం తీయించుకున్నారు, ఆ రాత్రి దూది మార్చాల్సిన పని కూడా రాలేదు. కాన్పులు రెండు, రెండూ నార్మల్, రక్తం ఎక్కించలేదు. నెలసరి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. దెబ్బలు తగిలితే పెద్ద పెద్ద కమిలిన మచ్చలు పడటం లేదు. అంటే ఒంట్లో గడ్డకట్టడం పరీక్ష చెప్తున్నంత ఘోరంగా అయితే లేదు, జీవితంలో మూడు నాలుగు నిజమైన పరీక్షలు ఆవిడ ఇప్పటికే పాసయ్యారు.

ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డలు వచ్చాయా అంటే లేదన్నారు. కాలు వాచి చాలా కాలం మందులు వాడినవాళ్లు ఉన్నారా అని మార్చి అడిగితే అప్పుడు చెప్పారు, నాన్నగారికి కాలు విరిగి కట్టు కట్టాక పిక్క వాచిపోయిందట, రక్తం పలచబడే మాత్రలు నెలల తరబడి వేసుకున్నారట. అది డీవీటీ (కాలి లోపలి సిరలో రక్తం గడ్డ) కాక మరేమిటి. ఈ ఒక్క మాట తర్వాత మా నిర్ణయాల్లో సగానికి ఆధారం అయింది.

థ్రాంబిన్ టైమ్ దగ్గర నుంచి

పీటీ, ఏపీటీటీ రెండూ పెరిగాయి, విటమిన్ కె పనిచేయలేదు, లివర్ బాగుంది. ఇక మిగిలేది పీటీ, ఏపీటీటీ చూసే రెండు దారులూ కలిసే చివరి భాగం, అక్కడ ఉండే గడ్డకట్టించే ప్రొటీన్లు: ఫ్యాక్టర్ 10, 5, ప్రోథ్రాంబిన్, ఫైబ్రినోజెన్. ఒక్కో ఫ్యాక్టర్ కొలుస్తూ పోయే ముందు చేయాల్సిన చవకైన, తేలికైన టెస్ట్ థ్రాంబిన్ టైమ్. దీంట్లో ప్లాస్మాకి నేరుగా థ్రాంబిన్ అనే ఎంజైమ్ కలుపుతాం, పైన ఉన్న ఫ్యాక్టర్లతో సంబంధమే లేదు, థ్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ని ఫైబ్రిన్ (గడ్డలోని పోగులు) చేయడానికి ఎంత టైమ్ పడుతుందో అదొక్కటే చూస్తాం. ఆవిడకి 39 సెకన్లు వచ్చింది, కంట్రోల్ 17. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అయితే థ్రాంబిన్ టైమ్ ఇలా పెరగదు, అది అడ్డుపడేది ఫాస్ఫోలిపిడ్ (ఒక రకం కొవ్వు) అవసరమైన టెస్టులకే, ఈ టెస్ట్‌కి అది అవసరమే లేదు కదా. అలా ఆ అనుమానం చాలావరకు ఇక్కడే పోయింది.

థ్రాంబిన్ టైమ్ పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది శాంపిల్‌లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు). లైన్ నుంచి రక్తం తీస్తే అందులో మిగిలిన కాస్త హెపారిన్ చాలు, టెస్ట్ మొత్తం తారుమారు అవుతుంది. అందుకని లైన్ లేని రెండో చేతి నుంచి కొత్త శాంపిల్ తీశాం. మళ్లీ అంతే వచ్చింది. తర్వాత రెప్టిలేజ్ టైమ్ చేశాం. రెప్టిలేజ్ అంటే బాత్రాప్స్ జాతి పాము విషం నుంచి తీసిన ఎంజైమ్, థ్రాంబిన్ లాగే ఫైబ్రినోజెన్‌ని కోస్తుంది కానీ హెపారిన్ దాన్ని ఆపలేదు, డాబిగాట్రాన్ లాంటి మందులూ ఆపలేవు. హెపారిన్ వల్లే అయితే రెప్టిలేజ్ టైమ్ నార్మల్ రావాలి. ల్యాబ్‌లో అమ్మాయి వచ్చి "మేడమ్, ఇది ఇంకా లాంగ్ వచ్చింది, రెండుసార్లు రన్ చేశాను" అంది. 48 సెకన్లు, కంట్రోల్ 18. ఇక అనుమానం ఫైబ్రినోజెన్ మీదే.

ఫైబ్రినోజెన్ క్లౌస్ పద్ధతిలో 62 ఎంజీ. నార్మల్ 200 నుంచి 400 డెసిలీటరుకి. ఇక్కడే ఆగిపోతే "ఫైబ్రినోజెన్ తక్కువ" అని రాసేసి క్రయో (ప్లాస్మా నుంచి తీసిన, ఫైబ్రినోజెన్ ఎక్కువుండే భాగం) ఎక్కించమంటాం. కానీ క్లౌస్ పద్ధతి కొలిచేది ఫైబ్రినోజెన్ ఎంత ఉందని కాదు, పలచన చేసిన ప్లాస్మాలో బోలెడంత థ్రాంబిన్ వేస్తే ఎంత వేగంగా గడ్డకడుతుందని. వేగం చూసి పరిమాణం ఊహిస్తుంది. పని మందగించిన ఫైబ్రినోజెన్ ఎంత ఉన్నా అందులో తక్కువగానే కనిపిస్తుంది. అందుకే యాంటీజెన్ కొలిపించాం, అంటే ప్రొటీన్ ఉందా లేదా అని యాంటీబాడీతో చూడటం. 290. ఫుల్ నార్మల్. ఇంకో విషయం, ముందు ల్యాబ్ వాళ్లు ఫైబ్రినోజెన్ 275 అని రిపోర్ట్ చేసి ఉన్నారు, అది పీటీ కర్వ్ నుంచి లెక్కగట్టే పద్ధతి, ఇలాంటి జబ్బులో అది నార్మల్‌గా చూపించేస్తుంది. ఆ నంబర్ చూసే ఇన్నాళ్లూ ఎవరూ ఫైబ్రినోజెన్ వైపు చూడలేదు.

ప్రొటీన్ 290, పని 62. నిష్పత్తి 0.2 చిల్లర. 0.7 కన్నా తక్కువైతేనే డిస్‌ఫైబ్రినోజెనీమియా, అంటే ఫైబ్రినోజెన్ ఉండీ సరిగ్గా పనిచేయని జబ్బు అనుకుంటాం. ఫైబ్రినోజెన్ ఉంది, తయారీలో తేడా ఉంది.

ఆ చిన్న ముక్క చేసే పని

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం దీని మీదే నిలబడింది. ఫైబ్రినోజెన్ బరువు దాదాపు 340 కిలోడాల్టన్లు, ఆరు గొలుసులు, అంటే ఏ-ఆల్ఫా, బీ-బీటా, గామా రెండేసి చొప్పున. ఏ-ఆల్ఫా గొలుసు మొదట్లో 16 అమైనో ఆమ్లాల ముక్క ఉంటుంది, దాన్ని ఫైబ్రినోపెప్టైడ్ ఏ అంటాం. బీ-బీటా మొదట్లో 14 ఉండే ఫైబ్రినోపెప్టైడ్ బి. అన్నీ కలిపినా మొత్తం బరువులో 2 శాతం కన్నా తక్కువే. థ్రాంబిన్ వాటిని కోసేస్తుందని, గడ్డ కట్టడానికి అదే మొదలు అని 1951లోనే బెయిలీ, లోరాండ్, వాళ్లతో పనిచేసినవాళ్లు చూపించారు.

ముక్క తెగితే ఏమవుతుంది? దాని కింద దాక్కున్న మూడు అమైనో ఆమ్లాలు, గ్లైసీన్-ప్రోలీన్-ఆర్జినీన్, బయటపడతాయి. ఇదే "ఏ" నాబ్. పక్క అణువు గామా గొలుసులో దానికి సరిపోయే గుంట ఉంటుంది, చొక్కా గుండీ కాజాలోకి వెళ్లినట్టు అందులోకి దూరుతుంది, అలా ఒకదానికొకటి తగులుకుంటూ ప్రోటోఫైబ్రిల్ (ఫైబ్రిన్ పోగు తొలి రూపం) పెరుగుతుంది. దీనికి బలమైన సాక్ష్యం 1978లో లౌడానో, డూలిటిల్ ఇచ్చారు. గ్లైసీన్-ప్రోలీన్-ఆర్జినీన్-ప్రోలీన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని సింథటిక్‌గా తయారుచేసి కలిపితే అదే వెళ్లి గుంటల్లో కూర్చుంటుంది, ఫైబ్రిన్ పాలిమరైజ్ అవ్వడం, అంటే అణువులు పోగుగా కలవడం ఆగిపోతుంది. నాలుగంటే నాలుగు అమైనో ఆమ్లాలు. ఈ ఫీల్డ్‌లో ఎన్నేళ్లున్నా ఆ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పెప్టైడ్ ఏ ముందు, వేగంగా తెగుతుంది, పెప్టైడ్ బి తర్వాత నెమ్మదిగా తెగుతుంది, పోగులు పక్కపక్కన చేరి లావెక్కడానికి అది సాయం చేస్తుంది. థ్రాంబిన్ రెండూ కోస్తుంది. రెప్టిలేజ్ మాత్రం పెప్టైడ్ "ఏ"ని ఒక్కదాన్నే కోస్తుంది. మన పేషెంట్‌లో థ్రాంబిన్ టైమ్ కన్నా రెప్టిలేజ్ టైమ్ ఎక్కువ దెబ్బతింది. అంటే తేడా పెప్టైడ్ ఏ తెగే చోటే ఉండొచ్చు, 16వ ఆర్జినీన్ దగ్గర. ఇది ఊహే, రెప్టిలేజ్ టైమ్ ఒక్కదాన్ని పట్టుకుని చోటు తేల్చలేం, గామా గొలుసులో తేడా ఉన్నా పెరుగుతుంది. కానీ ఎక్కడ వెతకాలో చెప్పడానికి ఆ ఊహ సరిపోయింది.

పుట్టుకతో వచ్చినదా, తర్వాత వచ్చినదా

దీన్ని దాటేయకూడదు. లివర్ జబ్బుల్లో ఫైబ్రినోజెన్ మీద సియాలిక్ ఆమ్లం ఎక్కువ అతుక్కుని పాలిమరైజేషన్ మందగిస్తుంది, మైలోమా అనే ఎముకమజ్జ క్యాన్సర్‌లో పారాప్రొటీన్ (అసాధారణ యాంటీబాడీ) అడ్డుపడుతుంది, ఎఫ్‌డీపీలు (ఫైబ్రిన్, ఫైబ్రినోజెన్ విరిగిన ముక్కలు) పెరిగినా ఇలాగే కనిపిస్తుంది. లివర్ స్కాన్, ఎలక్ట్రోఫోరెసిస్, డీ-డైమర్ అన్నీ చూశాం, ఏమీ లేదు. వాళ్ల నాన్నగారి శాంపిల్‌లో క్లౌస్ 70, యాంటీజెన్ నార్మల్. అమ్మగారిది అన్నీ నార్మల్. దాంతో ఇది వంశంలో వస్తున్నదే అని తేలింది.

ప్లాస్మాలో ఫైబ్రినోపెప్టైడ్ ఏ లెవెల్ కొలిస్తే తెలుస్తుంది కదా అని ఒక జూనియర్ అడిగారు. మంచి ప్రశ్నే. కానీ ఆ టెస్ట్ చెప్పేది ఒంట్లో ఇప్పుడు థ్రాంబిన్ ఎంత పనిచేస్తోందని, పైగా అది రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది, సూది సరిగ్గా దిగక రక్తం మెల్లగా వచ్చినా ట్యూబ్‌లోనే తయారై తప్పుగా పెరుగుతుంది. మనకి కావలసింది పేషెంట్ ఫైబ్రినోజెన్‌ని శుద్ధిచేసి, థ్రాంబిన్ వేసి, విడుదలైన పెప్టైడ్‌లని హెచ్‌పీఎల్‌సీలో (కలిసున్న పదార్థాలని విడదీసి ఒక్కోదాన్నీ గ్రాఫ్‌లో శిఖరంగా చూపే పద్ధతి) చూడటం. రిఫరెన్స్ ల్యాబ్‌కి పంపించాం.

గ్రాఫ్ వచ్చినప్పుడు కంట్రోల్ పక్కన పెట్టుకుని చూశాం. కంట్రోల్‌లో పెప్టైడ్ ఏ శిఖరం ఎత్తుగా ఉంది, దాని పక్కన ఫాస్ఫేట్ అతుక్కున్న రూపానిది ఒక చిన్న శిఖరం, అది అందరికీ ఉండేదే. పేషెంట్‌లో పెప్టైడ్ బి మామూలుగానే ఉంది, పెప్టైడ్ ఏ శిఖరం దాదాపు సగానికి పడిపోయింది, కంట్రోల్‌లో లేని ఒక కొత్త శిఖరం ఇంకో చోట వచ్చింది. థ్రాంబిన్‌తో ఎక్కువ సేపు ఉంచిన శాంపిల్‌లో ఆ కొత్త శిఖరం ఇంకా పెరిగింది. అంటే మారిపోయిన పెప్టైడ్ ఏ కూడా తెగుతోంది, కాకపోతే చాలా నెమ్మదిగా. ఆర్జినీన్ బదులు సిస్టీన్ వచ్చి ఉంటే థ్రాంబిన్ దాన్ని కోయలేదు, కొత్త శిఖరమే రాదు. కాబట్టి హిస్టిడీన్ అయి ఉండాలి అనుకున్నాం, జీన్ టెస్ట్‌లో అదే వచ్చింది. రిపోర్ట్‌లో ఎఫ్‌జీఏ జీన్ (ఏ-ఆల్ఫా గొలుసుది) 35వ స్థానం ఆర్జినీన్ బదులు హిస్టిడీన్ అని ఉంటుంది, కంగారు పడొద్దు, సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్ తయారయ్యేటప్పుడు ముందుండి తర్వాత తెగిపోయే ముక్క) 19 అమైనో ఆమ్లాలు కలిపి లెక్కేస్తే 35, తీసేస్తే పాత లెక్కలో 16, రెండూ ఒకటే చోటు.

ప్లాస్మా ఎందుకు పనిచేయలేదు

ఇప్పుడు ముందు జరిగినవన్నీ అర్థమవుతాయి. విటమిన్ కె ఫైబ్రినోజెన్‌కి అవసరమే లేదు. నాలుగు బ్యాగుల ప్లాస్మాలో వచ్చే ఫైబ్రినోజెన్ సుమారు రెండు గ్రాములు, ఒంట్లో ఉన్న ప్లాస్మాలో కలిస్తే పెరిగేది కొంచెమే. ఇది చిన్న కారణం. పెద్ద కారణం ఏంటంటే తేడా ఉన్న ఫైబ్రినోజెన్ ఊరికే పక్కన కూర్చోదు. దానికి నాబ్ త్వరగా బయటపడదు కానీ గుంటలు మామూలుగానే ఉన్నాయి. మంచి ఫైబ్రిన్ నాబ్ వచ్చి ఆ గుంటలో దూరుతుంది, అక్కడి నుంచి గొలుసు ముందుకి సాగడం కష్టం, చివర మూత పడినట్టే. అందుకే నార్మల్ ప్లాస్మా సగం కలిపినా మిక్సింగ్ టెస్ట్ పూర్తిగా కరెక్ట్ కాలేదు, చూడటానికి అచ్చం ఇన్‌హిబిటర్ లాగే ఉంది. ఒక ఫైబ్రినోజెన్‌లో ఏ-ఆల్ఫా గొలుసులు రెండు కదా, మంచివీ చెడ్డవీ సమానంగా తయారై ఏ భేదం లేకుండా జతకట్టాయనుకుంటే, రెండూ మంచివైన అణువులు నాలుగో వంతే ఉంటాయి.

సర్జరీ నిర్ణయం

సర్జన్ గారి మొదటి మాట సూటిగా ఉంది: "62 ఫైబ్రినోజెన్‌తో నన్ను ఆపరేషన్ చేయమంటారా?" ఆయన అడగడం న్యాయమే. మా ముందు మూడు దారులు: క్రయో లేదా ఫైబ్రినోజెన్ కాన్సన్‌ట్రేట్ ఇచ్చి క్లౌస్‌ని 100 పైకి తెచ్చి చేయడం, ఏమీ ఇవ్వకుండా స్టాండ్‌బై పెట్టుకుని చేయడం, లేదా అసలు ఆపరేషనే మానుకోవడం.

ఆయన్ని ల్యాబ్‌కి పిలిచి ట్యూబ్‌లో చూపించాం. థ్రాంబిన్ కలిపి ట్యూబ్ వంచుతూ ఉంటే కంట్రోల్ ప్లాస్మా 17 సెకన్లకే జెల్ అయిపోయింది, పేషెంట్‌ది ఇంకా నీళ్లలా అటూ ఇటూ కదులుతోంది, నలభై సెకన్లు వచ్చేసరికి సన్నటి పోగులు కనపడ్డాయి. మామూలుగా అయితే అక్కడ టైమ్ రాసుకుని ట్యూబ్ పారేస్తాం. పారేయకుండా పది నిమిషాలు పక్కన పెట్టి తలకిందులు చేస్తే గడ్డ జారలేదు. ఆలస్యంగానైనా పెప్టైడ్ ఏ తెగుతోంది, గడ్డ కడుతోంది. హెచ్‌పీఎల్‌సీలో చూసిన కొత్త శిఖరం నెమ్మదిగా పెరగడానికి, ట్యూబ్‌లో కనపడ్డ దీనికి అర్థం ఒకటే.

దీనికి బ్లీడింగ్ లేని హిస్టరీ, నాన్నగారి డీవీటీ కలిపి చూస్తే రెండో దారే సరైనది అనిపించింది. డిస్‌ఫైబ్రినోజెనీమియాలో గుర్తించే నాటికి సగం మందికి పైగా ఏ లక్షణాలూ ఉండవు, కొందరికి బ్లీడింగ్, కొందరికి గడ్డలు, ఒకే మనిషికి రెండూ రావొచ్చు. గడ్డలు వచ్చే కుటుంబంలో అవసరం లేని ఫైబ్రినోజెన్ పోయడం మేలు కాదు. అదే కారణంతో "ముందు జాగ్రత్తగా ఒక డోసు ట్రానెక్సామిక్ ఆమ్లం" (గడ్డ కరగకుండా ఆపే మందు) అన్నది కూడా వద్దన్నాం, రక్తం ఎక్కువ పోతే మాత్రం వెంటనే ఇవ్వాలని రాశాం. క్రయో కరిగించాక కొన్ని గంటల్లో వాడేయాలి, కాబట్టి ముందే కరిగించకుండా బ్లడ్ బ్యాంక్‌లో గ్రూప్ చూసి ఫ్రీజర్‌లోనే ఉంచమని చెప్పాం.

సర్జరీ మామూలుగా జరిగింది. రక్తం పోయింది చాలా తక్కువ, ఏ ప్రొడక్టూ వాడలేదు. ఆ సాయంత్రమే నడిపించారు, కాళ్లకి కంప్రెషన్ పెట్టారు, మర్నాడు గాయాలు పొడిగా ఉన్నాయని చూసుకున్నాక ప్రివెంటివ్ డోసులో లో మాలిక్యులర్ వెయిట్ హెపారిన్ మొదలుపెట్టారు. ఏపీటీటీ ఎక్కువ ఉన్న మనిషికి హెపారిన్ ఏంటని వార్డ్‌లో అడిగారు. ఆ ఏపీటీటీ ఆవిణ్ణి గడ్డల నుంచి కాపాడదు, అది ట్యూబ్‌లో ఆలస్యం మాత్రమే. ఇలాంటివాళ్లలో హెపారిన్‌ని ఏపీటీటీతో మానిటర్ చేయకూడదు కూడా, అవసరమైతే యాంటీ-టెన్-ఏ (హెపారిన్ ప్రభావాన్ని నేరుగా కొలిచే టెస్ట్) చూడాలి.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

పీటీ, ఏపీటీటీ రెండూ పెరిగి కారణం తెలియకపోతే, ప్లాస్మా ఇచ్చే ముందే థ్రాంబిన్ టైమ్ చేయమని రిక్వెస్ట్ ఫారంలోనే పెట్టాం. రక్తం కారుతూ ఉంటే వేరే సంగతి, అప్పుడు ఆగకూడదు. ఫైబ్రినోజెన్ రిపోర్ట్‌లో నంబర్ పక్కన ఏ పద్ధతో తప్పకుండా రాస్తున్నాం, ఎందుకంటే ఈవిడకి 275, 62, 290 మూడూ నిజమైన నంబర్లే, ఏది దేన్ని కొలిచిందో తెలియకపోతే మూడూ దారితప్పిస్తాయి. మిక్సింగ్ పూర్తిగా కరెక్ట్ కాకపోతే ఇన్‌హిబిటర్ అనే ముందు ఫైబ్రినోజెన్ చూడాలి.

ఇంకోటి, డిస్‌ఫైబ్రినోజెనీమియా అన్న పేరు ఒక్కటే చూసి రిస్క్ అంచనా వేయొద్దు, తేడా ఎక్కడుందో అడగండి. ఇలాంటి ఫైబ్రినోజెన్‌లకి దొరికిన ఊరి పేరు పెట్టడం అలవాటు. 1968లో బ్లాంబాక్ బృందం తేల్చిన ఫైబ్రినోజెన్ డెట్రాయిట్‌లో 19వ ఆర్జినీన్ పోయి సెరీన్ వచ్చింది, అంటే పెప్టైడ్ బాగానే తెగినా బయటపడే నాబే చెడిపోయింది. ఫైబ్రినోజెన్ డ్యుసార్‌లో తేడా ఎక్కడో 554 దగ్గర, అక్కడ ఆర్జినీన్ బదులు సిస్టీన్, ఆ కుటుంబాల్లో సమస్య గడ్డలే. ప్రొటీన్ ఒకటే, చోటు మారితే పేషెంట్ కథే మారిపోతుంది.

పిల్లలిద్దరికీ టెస్ట్ చేశాం. ఒకరికి నార్మల్, ఒకరికి తల్లిలాగే థ్రాంబిన్ టైమ్ 36. ఆ పాపకీ, ఆవిడకీ, నాన్నగారికీ ఒక్కో కార్డు ఇచ్చాం, అందులో ఇలా ఉంది: పీటీ, ఏపీటీటీ ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి, వాటిని సరిచేయడం కోసం ప్లాస్మా ఇవ్వొద్దు, ఏ ఆపరేషన్‌కైనా, కాన్పుకైనా ముందు హెమటాలజిస్ట్‌తో మాట్లాడండి, బ్లీడింగ్ నిజంగా జరిగితే క్రయో లేదా ఫైబ్రినోజెన్ కాన్సన్‌ట్రేట్, మంచం మీద ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే గడ్డలు రాకుండా చూడండి.